పాత పికప్ బండి: ఎవరికి ఏ ఇంజను?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో షోలాపూర్ నేత కుటుంబాల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్దిగా సర్ది ఇస్తున్నాం.)

 

పొద్దుటి నుంచి పెద్ద విషయాలు విన్నారు. నూలు ధర, కరెంటు బిల్లు, పిల్లల చదువులు. నన్నేమో బండి గురించి చెప్పమన్నారు. కొందరు నవ్వుతున్నారు, కనబడుతోంది. సరే, మీలో ఎంతమంది ఇంటి ముందు సరుకు బండి ఉందో ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు లేచింది. కొత్తది కొన్నవాళ్లు మాత్రమే ఎత్తి ఉంచండి. ఇద్దరు... ముగ్గురు. మిగతావాళ్లమంతా పాతబండి వాళ్లమే. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాలనిపించింది. సాంచా తర్వాత మన ఇళ్లల్లో ఎక్కువ డబ్బు పోసి కొనే యంత్రం ఇదే. సాంచా కొనేటప్పుడు నలుగురిని అడుగుతాం, నడిపించి చూస్తాం, బట్ట పట్టుకొని చూస్తాం. బండి దగ్గరికి వచ్చేసరికి టైర్లు చూసి, పెయింటు చూసి, అడ్వాన్సు ఇచ్చేస్తాం.

నేను మొదట జాబర్‌ని. పదిహేడేళ్లకే పానా పట్టి సాంచాలు బాగుచేసినవాణ్ణి. ఆ తర్వాత డీజిల్ మెకానిక్ పనిలోకి పోయాను. కాబట్టి మనవాళ్లు బండి కొనాలంటే నా దగ్గరికొస్తారు. వచ్చి అడిగేది ఒకటే: "మామా, ఏ బండి మంచిది?" నేనూ చాలా ఏళ్లు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవాణ్ణి. అది ఎంత తప్పో నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. ఆ సంగతి చెప్తా.

మా అక్క కొడుకు ఒకడున్నాడు. టవళ్ల సాంచాలు, దానికి తోడు చుట్టుపక్కల కార్ఖానాలకు బీములు చేరవేసే పని. అద్దె టెంపోలకు డబ్బంతా పోతోందని సొంత బండి కొనాలనుకున్నాడు. నన్ను అడిగాడు. నేను ఆలోచించకుండానే, "డీజిలే తీసుకో అల్లుడూ, బరువు లాగుతది, మైలేజ్ ఇస్తది, ఎక్కువ పాతది కాకుండా చూసుకో" అన్నాను. వాడు నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. మూడేళ్లు వాడిన బి.ఎస్.-6 డీజిల్ పికప్, 4 లక్షల 60 వేలకు కొన్నాడు. కోడలి గొలుసు, రెండు గాజులు కుదవపెట్టి 1 లక్షా 60 వేలు కట్టాడు. మిగతాది ఫైనాన్స్.

బండి అద్దంలా ఉంది. నేనే స్వయంగా చూశాను. మూడో నెలలో పసుపు లైటు వెలిగింది. "మామా, బండి గుంజుతలేదు" అని ఫోను. వర్క్‌షాపుకు తీసుకెళ్తే కంప్యూటరు పెట్టి ఏదో చేసి ఆర్పారు. నెల తిరక్కుండా మళ్లీ. మూడోసారి బండి దానంతటదే శక్తి తగ్గించేసుకుంది, సైజింగ్ నుంచి రెండు బీములు వేసుకొని వస్తూ చౌరస్తాలో నత్తలా పాకింది. నేను ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిలు తగ్గాల్సింది పోయి పై గీత దాటి ఉంది. వేలికి రాసుకొని వాసన చూస్తే డీజిలు. అప్పటికే టర్బో బేరింగు పోయింది. ఫిల్టరు, టర్బో, మిగతావి కలిపి 1 లక్షా 10 వేలు. బాగుచేయించాక మళ్లీ అదే కథ మొదలవుతుందని భయపడి 3 లక్షల 10 వేలకు అమ్మేశాడు. గొలుసు సంగతి నేను చెప్పను, మీకు అర్థమవుతుంది.

అమ్మినవాడు మోసం చేశాడా? లేదు. బండి చెడ్డదా? కాదు. కొన్నాయన పుణె దారిలో కూరగాయలు తోలుతున్నాడు, లైటు మళ్లీ వెలగలేదట. తప్పు నాది. నేను వాణ్ణి ఒక్క మాట అడగలేదు: "రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావురా?" అడిగి ఉంటే చెప్పేవాడు, పన్నెండు అని. సైజింగ్ నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి డైయింగ్‌కు, మళ్లీ ఇంటికి. ఆరేడుసార్లు స్టార్టు, ఆరేడుసార్లు ఆపు. ఇంజను సరిగ్గా వేడెక్కే లోపల ఊరే అయిపోతుంది.

ఇందులో మర్మం ఏమిటో చెప్తా. 1 ఏప్రిల్ 2020 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 వచ్చింది. డీజిల్ పొగలో మసి బయటికి రాకూడదని సైలెన్సరు దారిలో ఒక జల్లెడ పెట్టారు. దాన్ని డి.పి.ఎఫ్. అంటారు. మసి అందులో పేరుకుంటుంది. నిండాక దాన్ని బండే కాల్చుకోవాలి. కాల్చుకోవాలంటే పొగ గొట్టంలో వేడి 600 డిగ్రీల దాకా ఎక్కాలి. అంత వేడి ఎప్పుడొస్తుంది? హైవే మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా ఒకే వేగంతో పోతే వస్తుంది. గల్లీలో రాదు. బండి మాత్రం ప్రయత్నం మానదు. వేడి పెంచడానికి అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో మనం తాళం తిప్పి ఆపేస్తాం, మసి సగమే కాలుతుంది. ఆ అదనపు డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. పలచబడ్డ ఆయిలుతో టర్బో తిరుగుతుంది. మిగతా కథ మీరు విన్నారు.

కొందరు మెకానిక్‌లు ఆ జల్లెడ పీకేసి, కంప్యూటరులో ప్రోగ్రాం మార్చి "ఇక బాధ లేదు" అంటారు. వాళ్లు నా తోటివాళ్లే కాబట్టి గట్టిగా అనలేను, కానీ చేయించుకోకండి. కంపెనీ ఇచ్చిన బండిని అలా మార్చడం చట్టప్రకారం తప్పు. ఫిట్‌నెస్ దగ్గర పట్టుబడితే బండి అక్కడే ఆగిపోతుంది. కొనేటప్పుడు కూడా ఎవరైనా "డి.పి.ఎఫ్. తీయించేశాం అన్నా, ఫికర్ లేదు" అని గొప్పగా చెప్తే ఆ బండి వదిలేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు రోజూ మారతాయి, కాబట్టి లెక్క కోసం గుండుగా అనుకుందాం. డీజిల్ లీటరు 90, చిన్న బండి 18 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే కిలోమీటరుకు 5 రూపాయలు. పెట్రోలు 105, బండి 14 ఇస్తుంది. కిలోమీటరుకు ఏడున్నర. తేడా రెండున్నర రూపాయలు. మా అల్లుడు రోజుకు 12 చొప్పున నెలలో 25 రోజులు తిరిగితే 300 కిలోమీటర్లు. వాడికి డీజిల్ వల్ల మిగిలింది నెలకు 750 రూపాయలు. ఏడాదికి 9 వేలు. ఆ 9 వేల కోసం 1 లక్షా 10 వేల బిల్లు కట్టాడు.

అదే లెక్క ఇంకొకరికి తిప్పి చూడండి. మనలో కొందరు టవళ్లు, చద్దర్లు వేసుకొని వారం వారం హైదరాబాద్ పోతారు. పోను సుమారు 300, రాను 300. మధ్యలో ఊళ్లు తిరుగుళ్లు కలిపి నెలకు మూడు వేల కిలోమీటర్లు వేసుకోండి. రెండున్నర చొప్పున నెలకు 7,500, ఏడాదికి 90 వేలు. ఆయన పెట్రోలు బండి కొంటే ప్రతి ఏడాదీ 90 వేలు రోడ్డు మీద పారబోసినట్టే. ఆయనకు బి.ఎస్.-6 డీజిల్ హాయిగా నడుస్తుంది, జల్లెడ దానంతటదే శుభ్రమవుతుంది. ఒకరికి విషం, ఇంకొకరికి మందు. అందుకే ఇప్పుడెవరైనా "ఏ బండి మంచిది" అంటే నేను కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెడతాను. వారం రోజులు ఎక్కడెక్కడికి పోయావో, ఎన్ని కిలోమీటర్లో, ఎంత బరువో రాసుకొని రమ్మంటాను. పదిమందిలో ఆరుగురు తిరిగి రారు, అది వేరే సంగతి.

పాత డీజిల్ బండ్ల మాటకొద్దాం. మన ఊళ్లల్లో తోపుడుబండ్ల మీద బీములు తోసిన కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ పని మార్చింది 2005లో వచ్చిన టాటా ఏస్. ఛోటా హాతీ అని పేరుపడింది. దాని డీజిల్ ఇంజను 702 సి.సి., రెండు సిలిండర్లు, టర్బో లేదు, పదహారు గుర్రాల శక్తి. అంతే. స్కూటరు కన్నా కొంచెం ఎక్కువ అని నవ్వేవాళ్లం. కానీ ఆ ఇంజను మన జాబర్లకు కూడా అర్థమయ్యేంత సాదా. పల్లెలో కూడా బాగుచేసేవాడు దొరుకుతాడు, సామాను దొరుకుతుంది. ఊళ్లో తిరిగే బీముల పనికి ఇది ఇంకా పనికొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే వయసు. బాగా పాతది కొంటే ఇంజను కన్నా ముందు చాసిస్ తుప్పు పట్టి ఉంటుంది. యానాం నుంచి, బరంపురం నుంచి వచ్చినవాళ్లు ఇది ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఉప్పుగాలి ఇనుమును లోపల్నుంచి తింటుంది. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ప్రతి ఏడాదీ. పదిహేనేళ్లు దాటితే ఫీజులు బాగా పెరుగుతాయి. లక్ష రూపాయలకు వస్తోందని పద్నాలుగేళ్ల బండి కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

ఆ సాదా ఇంజనుకూ, జల్లెడ ఉన్న బి.ఎస్.-6కూ మధ్యలో ఒక తరం ఉంది. ఏప్రిల్ 2017 నుంచి మార్చి 2020 దాకా దేశమంతా అమ్మిన బి.ఎస్.-4 డీజిల్‌లు. వీటిలో చాలావాటికి కామన్ రైలు, టర్బో ఉంటాయి, డి.పి.ఎఫ్. ఉండదు. అశోక్ లేలాండ్ దోస్త్‌లో మూడు సిలిండర్ల 1,478 సి.సి. ఇంజను, మహీంద్రా బొలేరో పికప్‌లో నాలుగు సిలిండర్ల 2,523 సి.సి. ఇంజను. టన్ను పైన బరువు, ఊళ్లో కొంత, రోడ్డు మీద కొంత తిరిగేవాళ్లకు నా మనసు ఈ తరం మీదికే పోతుంది. ఇది నా అభిప్రాయం, మా గ్యారేజీ పక్కాయన ఒప్పుకోడు. అయితే వీటిలో ఇంజెక్టర్లు ఖరీదు. పాత ఏస్‌లో పంపు బాగుచేయడానికి అయ్యే డబ్బుకు కామన్ రైలు ఇంజెక్టరు ఒక్కటి కూడా రాదు. అమ్మేవాడు డబ్బాల్లో డీజిల్ పోసి నడిపిన మనిషైతే ఇంజెక్టర్లు పోయి ఉండే అవకాశం ఎక్కువ. నీళ్లు, మట్టి వాటికి శత్రువులు. డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు వదిలే మర ఉంటుంది, అది విప్పించి గాజు గ్లాసులో పట్టి చూడండి.

ఏ బండి ఏ తరానిదో ఎలా తెలుస్తుంది అంటే, ఆర్.సి.లోనే ఉంటుంది. లేకపోతే ఫోనులో ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎమిషన్ నార్మ్స్ అన్నచోట కనిపిస్తుంది. ఇంజను నంబరు కూడా ఆర్.సి.తో సరిపోవాలి. మధ్యలో ఇంజను మార్చి, కాగితాల్లో ఎక్కించని బండ్లు నేను చాలా చూశాను.

పెట్రోలు పేరెత్తితే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. "సరుకు బండికి పెట్రోలా?" అని. పదేళ్ల కింద నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు అనను. మారుతి సూపర్ క్యారీ 2016లో వచ్చినప్పుడు రెండు సిలిండర్ల 793 సి.సి. డీజిల్‌తో వచ్చింది. బి.ఎస్.-6 వచ్చేసరికి ఆ కంపెనీ డీజిల్‌లే మానేసింది, నాలుగు సిలిండర్ల 1,196 సి.సి. పెట్రోలు ఇంజనే మిగిలింది. ఏస్‌కు కూడా 694 సి.సి. రెండు సిలిండర్ల పెట్రోలు వచ్చింది. అంత పెద్ద కంపెనీలు చిన్న బండికి పెట్రోలు పెట్టాయంటే లెక్క లేకుండా పెట్టలేదు. చిన్న ఇంజనుకు బి.ఎస్.-6 డీజిల్ సామానంతా తగిలిస్తే బండి ధర పెరిగిపోతుంది. మనకు దానివల్ల వచ్చిన లాభం ఏమిటంటే, ఊళ్లో తిరిగేవాళ్లకు తక్కువ రిపేరు ఖర్చుతో నడిచే పాతబండ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. చలిలో వెంటనే స్టార్టు అవుతుంది, ఆపి ఆపి నడిపినా మసి జల్లెడ బాధ లేదు, ఇంజెక్టర్లు చవక.

లోటు కూడా చెప్పాలి. పెట్రోలు ఇంజను బలం పై తిరుగుళ్లలో ఉంటుంది, డీజిల్ బలం కింది తిరుగుళ్లలో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, డీజిల్ మెల్లగా తొక్కినా లాగుతుంది, పెట్రోలును ఏడిపిస్తేగానీ లాగదు. సాదా నేల మీద ఫరవాలేదు. తుల్జాపూర్ ఘాటు ఎక్కాలంటే, అందులోనూ ఓవర్‌లోడుతో ఎక్కాలంటే, క్లచ్ వాసనొస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఖర్చు మొదలైనట్టే. వారంలో రెండుసార్లు ఘాటు ఎక్కేవాళ్లు రెండు సిలిండర్ల పెట్రోలు జోలికి పోవద్దు.

ఓవర్‌లోడు అన్నాను కాబట్టి, తమ్ముళ్లూ, కొంచెం తిడతా. చిన్న ఏస్ తరహా బండికి కంపెనీ చెప్పే బరువు 750 కిలోల దగ్గర. నూలు బస్తా 50 కిలోలు అనుకుంటే పదిహేను బస్తాలు. మనవాళ్లు పాతిక వేస్తారు. కాటా మీద అడిగితే "టవళ్లు తేలికే కదా" అంటారు. టవళ్లు తేలికే, నూలు తేలిక కాదు, చద్దర్ల బేళ్లు అసలే కాదు. పాతబండి కొంటున్నారంటే పాత ఓనరు వేసిన ఓవర్‌లోడును కూడా కొంటున్నారు. వెనక స్ప్రింగు పట్టీలు చూడండి. కంపెనీ ఇచ్చినవాటికి అదనంగా పట్టీలు ఎక్కించి ఉంటే ఆ ఇంజను ఎంత మోసిందో వేరే చెప్పక్కర్లేదు.

సి.ఎన్.జి. గురించి చాలామంది అడుగుతున్నారు. డబ్బు లెక్కలో అది డీజిల్‌కు దగ్గరగా వస్తుంది, మసి బాధ ఉండదు. ఊళ్లో రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, సరుకు ఇళ్లిళ్లకు, దుకాణాలకు వేసేవాళ్లకు బాగా సరిపోతుంది. కాకపోతే మూడు సంగతులు. సిలిండరు బరువు మన సరుకు బరువులోంచే పోతుంది. సూపర్ క్యారీనే తీసుకుంటే పెట్రోలు బండికి 740 కిలోలు, సి.ఎన్.జి. బండికి 625. రెండు నూలు బస్తాలు తగ్గినట్టే. ఇక సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి, తేదీ సిలిండరుకు కట్టిన పట్టీ మీద ఉంటుంది. పాతబండి కొనేటప్పుడు ఆ పట్టీ ఫోటో తీసుకోండి. తేదీ దాటిపోయి ఉంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. అన్నిటికన్నా ముఖ్యం, కిట్టు కంపెనీ పెట్టిందా, బయట పెట్టించారా? బయట పెట్టించి ఆర్.సి.లో ఎక్కించకపోతే రేపు ప్రమాదమైనా, మంటలొచ్చినా ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేస్తారు. మీరు రోజూ తిరిగే దారిలో బంకు ఉందా, అక్కడ క్యూ ఎంతసేపు ఉంటుందో కూడా కొనేముందు రెండు రోజులు పోయి చూడండి. గంట క్యూలో నిలబడితే సాంచాకు బీము ఎవరు తెస్తారు?

బ్యాటరీ బండ్లు ఇప్పుడిప్పుడే పాతబండ్ల బజారుకు వస్తున్నాయి. ఏస్ ఈవీ 2022లో వచ్చింది. బ్యాటరీ ఆరోగ్యం కంపెనీ సర్వీసు సెంటరులో చూపించి, వారంటీ మీ పేరు మీదికి మారుతుందని కాగితం మీద రాయించుకోకుండా కొనకండి. నాకు వాటి రిపేరులో చేయి తిరగలేదు, అంతకన్నా చెప్పను.

ఇప్పుడు ఇంజనును చూసే పద్ధతి. ఒక మాట గట్టిగా చెప్తా: చల్లగా ఉన్న ఇంజనునే చూడండి. "పది గంటలకు రండి" అన్నవాడి ఇంటికి ఏడు గంటలకే పోండి. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడెక్కించాడని అడగండి. డీజిల్ జబ్బులన్నీ చలి స్టార్టులోనే బయటపడతాయి. స్టార్టు చేయగానే పొగ చూడండి. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోంది, రింగులో, టర్బోనో, వాల్వు సీళ్లో పోయాయి. నల్ల పొగ వస్తే గాలి తక్కువో, ఇంజెక్టరు ఎక్కువ చిమ్ముతోందో. తెల్ల పొగ కొద్దిసేపు వచ్చి పోతే ఫరవాలేదు, వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమో అనుమానించండి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి దాని మీద పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ కక్కుతుంటే రింగులు అరిగాయి, ఇంజను విప్పే ఖర్చు దగ్గరలోనే ఉంది. మూత కింద మజ్జిగలాంటి తెల్లటి జిడ్డు కనబడితే నీళ్లు, ఆయిలు కలుస్తున్నాయి. బి.ఎస్.-6 డీజిల్ అయితే డిప్‌స్టిక్ తప్పకుండా తీయండి, పై గీత దాటిందా చూడండి, వాసన చూడండి. ఆ రోజు నేను కొనేముందు తీసి చూసి ఉంటే పాత ఓనరు హైవే మనిషని, మా అల్లుడు గల్లీ మనిషని నాకు ఆలోచన వచ్చేదేమో.

జాబర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఇంకో లాభం ఉంది. మీరు షెడ్డులో యాభై సాంచాల మోతలో కూడా ఏ సాంచా తప్పు కొడుతోందో చెవితో పట్టేస్తారు. అదే చెవి ఇంజను దగ్గర పెట్టండి. రెండు సిలిండర్ల ఇంజను మోత మామూలుగానే గరుగ్గా ఉంటుంది, దానికి భయపడకండి. మోతలో క్రమం తప్పుతోందా అని వినండి. ఒకే చోట ఒక దెబ్బ తప్పిపోతుంటే ఒక సిలిండరు పనిచేయట్లేదు. టర్బో ఉన్న బండిలో ఈల శబ్దం సన్నగా ఉంటే సరే, సైరనులా పెరిగితే మాట్లాడకుండా ఇంటికి పోండి.

తర్వాత బరువు వేసి నడపండి. ఖాళీ బండి ఎవరికైనా బాగానే నడుస్తుంది. పెట్టుబడి పెట్టేది మీరు, సిగ్గుపడకండి. మీ సొంత నూలు పది బస్తాలు తీసుకెళ్లి వేసి, మీరు రోజూ పోయే దారిలో గంటసేపు తోలండి. గంట తోలనివ్వను అన్నవాడి బండి కొనక్కర్లేదు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. పాత ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35 మీద సంతకాలు, పేరు మార్పుకు 29, 30. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్.టి.వో. ఇచ్చిన ఎన్.వో.సి., అంటే ఫారం 28, చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. సేలం, బళ్లారి, భివండి నుంచి వచ్చినవాళ్లు పక్క రాష్ట్రం బండి చవకని ఎగబడతారు, పన్ను మళ్లీ కట్టాలని తర్వాత తెలుస్తుంది. ఇన్సూరెన్సు పేరు మార్పుకు 14 రోజుల గడువు. పెద్ద ఇంజను మోజులో పడేవాళ్లకు ఒక మాట: మొత్తం బరువు, అంటే బండి, సరుకు కలిపి, 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. రెండింటికీ మామూలు కారు లైసెన్సు చాలు, 7,500 కిలోల దాకా సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది.

(ఇక్కడ ఒక అక్క లేచి, "అన్నా, మా ఆయన నా మాట వినడు. గాజులు మాత్రం నావే అడుగుతాడు. నేనేం అడగాలో చెప్పు" అన్నారు. సభలో నవ్వులు.)

నవ్వకండి, ఈ అక్క అడిగిందే అసలైన ప్రశ్న. మన ఇళ్లల్లో బండి అడ్వాన్సు ఎక్కడినుంచి వస్తుందో అందరికీ తెలుసు. అక్కా, మీరు ఇంజను గురించి ఒక్క ముక్క తెలుసుకోవక్కర్లేదు. గాజులు తీసిచ్చే ముందు మూడే అడగండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు? ఒకసారికి ఎన్ని బస్తాలు? ఎక్కడెక్కడికి? మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే ఇవ్వండి. "అవన్నీ నీకెందుకు" అంటే బీరువా తాళం కొంగున కట్టుకోండి. మా కోడలు ఆ రోజు అడగలేదు. అడగాల్సింది నేను, నేనూ అడగలేదు.

అల్లుడు ఏమయ్యాడంటారా? ఇప్పుడు నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు మినీ ట్రక్కు ఉంది వాడి దగ్గర, 2 లక్షల 60 వేలకు కొన్నాడు. ఈసారి కోడలే లెక్క రాసింది, నోటుబుక్కులో, తేదీతో సహా. ఏడాదిన్నరగా క్లచ్ ఒకటి మార్చాం, అంతే. హైదరాబాద్ సరుకు మాత్రం లారీ ట్రాన్స్‌పోర్టులో వేస్తున్నాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, వడ్డీ కడుతున్నాడు.

బయట వేపచెట్టు కింద మూడు బండ్లు పెట్టించాను. ఒకటి పాత 702 సి.సి. డీజిల్, ఒకటి బి.ఎస్.-4 పికప్, ఇంకోటి మా అల్లుడి పెట్రోలు. నిన్న రాత్రే తెచ్చి పెట్టాం, ఇప్పటిదాకా ఎవరినీ తాళం తిప్పనివ్వలేదు, ఇంజన్లు చల్లగా ఉన్నాయి. చిన్నవాటికి ఇంజను సీటు కింద ఉంటుంది, సీటు ఎత్తి చూపిస్తా. భోజనాలు మొదలుకాకముందే రండి. ఒక్కొక్కటి స్టార్టు చేస్తా, పొగ మీరే చూద్దురుగాని, మోత మీరే విందురుగాని. జాబర్లు ముందుకు నిలబడండి.